అది దేనికోసం ఆగింది?

2025 అక్టోబరు 14న రెండు కబుర్లు ఒకేసారి వచ్చాయి. విశాఖపట్నంలో ఏఐ హబ్ కడతామని, అయిదేళ్లలో దాని మీద 1,500 కోట్ల డాలర్లు పెడతామని గూగుల్ ఢిల్లీలో ప్రకటించింది. దాని డేటా సెంటర్లకు తర్లువాడ, అడవివరంతో పాటు మా అనకాపల్లి జిల్లా రాంబిల్లి పేరు కూడా వినిపించేసరికి మా ఊరు చోడవరంలో టీ దుకాణాల్లో నాలుగు రోజులు అదే మాట. ఆ రోజే మైక్రోసాఫ్ట్ సంస్థ విండోస్ 10కి మద్దతు ఆపేసింది. ఈ రెండో కబురు గురించి టీ దుకాణంలో ఎవరూ మాట్లాడలేదు గానీ, ఇళ్లలోకి ముందుగా వచ్చింది అదే. కంప్యూటర్ తెరిస్తే చాలు, మీ యంత్రం విండోస్ 11కి తగదని తెర మీద ఒక పలక.

"ఏటి బాబూ, దీని పనైపోయినట్టేనా? కొత్తది కొనీమంటావా?" అని మా వీధిలో ఒకావిడ అడిగారు. కొడుకు ఇంజినీరింగ్‌లో చేరినప్పుడు కొన్న ల్యాప్‌టాప్ అది. అబ్బాయి ఉద్యోగానికి బెంగళూరు వెళ్లాక ఇప్పుడు ఆవిడే దాని మీద కుట్టుపని లెక్కలు రాసుకుంటున్నారు, రాత్రిళ్లు మనవరాలితో వీడియోలో మాట్లాడుతున్నారు. దాని పనైపోలేదని చెప్పాను. విండోస్ 11కి టీపీఎం 2.0 అనే భద్రత చిప్ కావాలి, ఇంటెల్ ప్రాసెసర్ అయితే ఎనిమిదో తరం నుంచి ఉండాలి. ఆ తరం బజారులోకి వచ్చింది 2017లో. అంతకుముందు కొన్నవాళ్లందరూ గుమ్మం బయటే ఉండిపోయారు. అంతమాత్రాన విండోస్ 10 మర్నాటి నుంచి పని మానెయ్యదు. కొత్తగా బయటపడే భద్రత లోపాలకు మరమ్మతులు రావడం మానేస్తాయి. ఇళ్లలో వాడేవాళ్లకు 2026 అక్టోబరు 13 దాకా ఒక ఏడాది పొడిగింపు కూడా ఉంది, నమోదు చేసుకుంటే చాలు. ఆ తర్వాత ఉచితంగా దొరికే లినక్స్ ఉంది. లెక్కలు రాసుకోవడానికి, వీడియోలో మాట్లాడడానికి అది హాయిగా సరిపోతుంది.

పొరుగువాళ్ల కంప్యూటర్లు విప్పి చూడడం నాకు ఎన్నో ఏళ్లుగా ఉన్న అలవాటు. దీనివల్ల నాకు గట్టిగా కుదిరిన నమ్మకం ఒకటుంది. ఇళ్లలో పాతబడిందని పక్కన పెట్టిన యంత్రాల్లో చాలావరకు చెడిపోలేదు, దేనికోసమో ఆగి ఉన్నాయి. కరెంటు కోసమో, గాలి కోసమో, డిస్కు నుంచి రావలసిన ఒక ముక్క కోసమో, పక్క గదిలోంచి రావలసిన సిగ్నల్ కోసమో. ఆ ఆగింది దేనికోసమో కనుక్కుంటే మూడొంతుల పని అయిపోయినట్టే. కనుక్కోకుండా పెట్టే ప్రతి రూపాయీ చీకట్లో వేసిన రాయే.

నేను ముందు గోడ చూస్తాను. క్యాబినెట్ మీద చెయ్యి పెడితే జివ్వుమంటుందా అని అడుగుతాను. మా వైపు పాత ఇళ్లలో ఎక్కువమంది అవునంటారు, చెప్పులు వేసుకుని వాడుకుంటున్నామని కూడా చెబుతారు. అది కంప్యూటర్ జబ్బు కాదు, ఇంటికి ఎర్త్ లేదన్న కబురు. కంప్యూటర్‌కి కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ లోపల ఫేజు నుంచి బాడీకి ఒకటి, న్యూట్రల్ నుంచి బాడీకి ఒకటి చిన్న కెపాసిటర్లు ఉంటాయి. ఎర్త్ సరిగా ఉంటే ఆ కాస్త కరెంటు మూడో పిన్ను గుండా భూమిలోకి పోతుంది. ఎర్త్ లేకపోతే ఇనప బాడీ మొత్తం 230 వోల్టులకు సగంలో, అంటే సుమారు 115 దగ్గర తేలుతూ ఉంటుంది. ఆ కరెంటు చాలా కొద్దిదే కాబట్టి జివ్వుమని ఊరుకుంటుంది. కానీ రేపు నిజంగా ఫేజు తీగ బాడీకి తగిలితే కాపాడేది ఏదీ ఉండదు. మనిషి సంగతి అలా ఉంటే, యంత్రానికీ చేటే. అలా తేలుతున్న కంప్యూటర్‌కి టీవీ హెచ్‌డీఎంఐ వైరు గుచ్చిన క్షణంలో ఆ తేడా అంతా ఆ సన్నని పిన్నుల మీద పడుతుంది. పోర్టులు ఎందుకు పోతున్నాయో తెలియక మదర్‌బోర్డులు మార్చిన ఇళ్లున్నాయి. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్త్ గొయ్యి చూపించాలి. ఉప్పు, బొగ్గు వేసిన గొయ్యి అయితే ఎండాకాలంలో నీళ్లు పోస్తూ ఉండాలి. ఎండిన నేల కరెంటును తీసుకోదు. కంప్యూటర్ మీద ఒక్క రూపాయి పెట్టకముందే ఈ ఖర్చు పెట్టాలని నేను పట్టుబడతాను. ఈ విషయంలో మొహమాటపడను.

ఇన్వర్టర్ ఉన్నా కరెంటు పోగానే కంప్యూటర్ ఆగిపోతోందని ఇంకొందరి బాధ. చాలా ఇన్వర్టర్లకు వెనకవైపు యూపీఎస్ అని ఒక మీట ఉంటుంది. దాన్ని అటు వెయ్యకపోతే కరెంటు మారడానికి ఎక్కువ సమయం పడుతుంది. ఫ్యాను ఆ ఖాళీని పట్టించుకోదు, కంప్యూటర్ తట్టుకోలేదు. ఆ మీట జరపడానికి ఖర్చేమీ లేదు.

గోడ తర్వాత గాలి. చెరకు తోటల మధ్య ఊరు మాది. బెల్లం వంటల రోజుల్లో పిప్పి మంటల మసి గాలిలో తేలి వస్తుంది, దానికి మట్టిరోడ్ల దుమ్ము తోడవుతుంది. రెండూ కలిసి ప్రాసెసర్ మీది ఫ్యాను రెక్కల కింద పొరలా పేరుకుంటాయి. వేడి పెరిగితే ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. మెత్తటి బ్రష్షు చాలు. బ్లోయరు పెడితే మాత్రం ఫ్యాను రెక్క తిరగకుండా వేలితో పట్టుకోవాలి. లేకపోతే బేరింగు పాడవుతుంది. వెచ్చదనం కోసం చీమలు రూటర్లోకి, బల్లులు ఎస్‌ఎంపీఎస్‌లోకి దూరడం మా దగ్గర మామూలే.

ఈ పనిలో నాకెంతో ఇష్టమైన జబ్బు ఒకటుంది. ఇంట్లో నెట్ పోయిందంటారు. ఏ సైటు తెరిచినా భద్రం కాదని హెచ్చరిక. రూటర్ మార్చమని ఒకరు, వైరస్ అని ఇంకొకరు. తెర మూల చూస్తే తేదీ పదేళ్ల వెనక ఉంటుంది. ప్రతి సైటు దగ్గరా గడువు రాసిన డిజిటల్ ధ్రువపత్రం ఉంటుంది. కంప్యూటర్ తన గడియారం చూసుకుని, ఈ పత్రం ఇంకా పుట్టనే లేదు కదా అని తలుపు వేసేస్తుంది. మదర్‌బోర్డు మీద సీఆర్2032 అనే బిళ్ల బ్యాటరీ ఉంటుంది, మూడు వోల్టులది. అది అయిపోయింది, అంతే. గడియారాల కొట్లో దొరుకుతుంది. పైకి కనబడేది నెట్ జబ్బు, లోపల ఉన్నది గడియారం జబ్బు. ఇలాంటిది ఒకటి చూశాక ఎవరైనా చెప్పిన లక్షణాన్నే జబ్బనుకోవడం మానేస్తారు.

అలాగే, ఆన్ చేస్తే బీప్ బీప్ అని అరిచి నల్లతెరతో ఉండిపోయే డెస్క్‌టాప్. చాలావరకు అది ర్యామ్ జబ్బు. కరెంటు తీసేసి, ర్యామ్ కర్ర బయటికి లాగి, దాని బంగారు రంగు పళ్లను పిల్లల పెన్సిలు రబ్బరుతో నెమ్మదిగా రుద్ది, పొడి దులిపి మళ్లీ గట్టిగా గుచ్చితే చాలాసార్లు లేచి కూర్చుంటుంది. సముద్రపు తేమ ఇంతదూరం వస్తుంది, పళ్ల మీద పొర కడుతుంది.

ఇక నెమ్మదితనం. దీని దగ్గర కాస్త ఆగాలి. ఎక్కువమంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. పదేళ్ల నాటి ప్రాసెసర్ కొన్ననాడు ఎంత వేగంగా లెక్క కట్టేదో ఈనాడూ అంతే వేగంగా కడుతుంది. మరి తెరుచుకోవడానికి అయిదు నిమిషాలు ఎందుకు? ఆ అయిదు నిమిషాల్లో టాస్క్ మేనేజర్ తెరిచి చూడండి. ప్రాసెసర్ దగ్గర పది, పదిహేను శాతం ఉంటుంది. డిస్కు దగ్గర మాత్రం నూరు శాతం ఎర్రగా మెరుస్తుంది. ల్యాప్‌టాప్‌లో పాత హార్డ్ డిస్కు నిమిషానికి 5,400 చుట్లు తిరుగుతుంది. ఒక్క చుట్టుకు 11 మిల్లీసెకన్లు. కావలసిన సమాచారపు ముక్క, చదివే ముల్లు కిందికి రావడానికి సగటున సగం చుట్టు ఆగాలి, దానికి ముందు ముల్లు సరైన గీత మీదికి జరగాలి. అలా సెకనుకు వంద ముక్కలు తేవడం కూడా దానికి కష్టమే. విండోస్ తెరుచుకోవాలంటే వేల చిన్న ముక్కలు కావాలి. కళ్లమంతా తిరిగి ఒక్కో గింజా ఏరుకొచ్చినట్టు తెస్తుంది పాపం. దాని బదులు ఇప్పుడు వేసే ఎస్‌ఎస్‌డీలో తిరిగేది ఏదీ లేదు. డిస్కును బోర్డుకు కలిపే పాత సాటా దారి మీద నడిచే రకం కూడా సెకనుకు పదుల వేల ముక్కలు ఇస్తుంది. అందుకే బండి పాతదై, దాని సాటా దారి సగం వేగందే అయినా సరే, ఎస్‌ఎస్‌డీ వేసిన రోజున ఇంట్లోవాళ్లు కొత్త కంప్యూటర్ అనుకుంటారు.

2025 మధ్యలో 240 జీబీ ఎస్‌ఎస్‌డీ రెండు వేల లోపే దొరికేది. తర్వాత ధరలు పైకి పోయాయి, ర్యామ్ ధరలైతే కొన్ని నెలల్లోనే రెట్టింపు దాటాయి. ఏఐ డేటా సెంటర్లకు మెమొరీ ఎంత చేసినా చాలడం లేదు, తయారుచేసేవాళ్లు అటే మొగ్గుతున్నారు. ఇళ్లవాళ్లకు ర్యామ్, ఎస్‌ఎస్‌డీలు అమ్మే క్రూషియల్ వ్యాపారాన్ని మూసేస్తున్నట్టు మైక్రాన్ సంస్థ 2025 డిసెంబరులో ప్రకటించింది. రాంబిల్లి కబురుకూ మా వీధి ల్యాప్‌టాప్‌కూ సంబంధం ఉందని నాకు అప్పుడు తెలిసింది. డేటా సెంటర్లు రావద్దని నేననను, మా పిల్లలకు ఉద్యోగాలు కావాలి. కానీ కొత్త ల్యాప్‌టాప్ ధరలో మెమొరీ వాటా పెరుగుతున్న ఈ రోజుల్లో ఉన్నదాన్ని నిలబెట్టుకోవడం సామాన్యుడికి మరింత అవసరం. పాత డెస్క్‌టాప్‌లలో వాడే డీడీఆర్3 ర్యామ్ సెకండ్‌హ్యాండ్‌లో ఇంకా దొరుకుతుంది. నాలుగు జీబీని ఎనిమిది చేస్తే చాలు, డిస్కు మీద భారం బాగా తగ్గుతుంది. కొనేముందు పాత కర్రను జేబులో వేసుకుని కొట్టుకు వెళ్లండి, తరం తప్పిపోకుండా ఉంటుంది.

డిస్కు మార్చేముందు దాని ఆరోగ్యం కూడా చూడాలి. స్మార్ట్ అనే పట్టికలో ప్రతి డిస్కూ తన బాధలు తానే రాసుకుంటుంది. పాడైన చోట్ల లెక్క, చదవలేక పక్కన పెట్టిన చోట్ల లెక్క పెరుగుతుంటే అన్నీ పక్కన పెట్టి ఆ రోజే ఫొటోలు వేరే చోటికి ఎత్తాలి. సీఆర్‌సీ తప్పుల లెక్క, అంటే దారిలో చెడిన సమాచారం లెక్క ఒక్కటే పెరుగుతుంటే డిస్కు మంచిదే, సాటా వైరు మార్చండి. వంద రూపాయల వైరుకు డిస్కును బలి ఇవ్వకూడదు.

నెట్ సంగతికొస్తే, ఈ ప్రాంతపు వీధుల్లో గాజుతీగ కరెంటు స్తంభాల మీదుగానే వచ్చింది. తవ్వకుండా స్తంభాలకే వేలాడదీసి ఊళ్లకు ఫైబర్ ఇవ్వాలన్న రాష్ట్ర ప్రాజెక్టును 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ జాతికి అంకితం చేశారు. నెలకు 149 రూపాయలకు నెట్, టీవీ, ఫోను అన్న మాట అప్పట్లో పెద్ద ఆకర్షణ. గాజుతీగతో వచ్చిన మేలు ఒకటి నేను ఎప్పుడూ చెబుతుంటాను. రాగి తీగల కాలంలో పిడుగు పడితే మోడెమ్‌లు మాడిపోయేవి. గాజు గుండా కరెంటు రాదు. ప్లగ్గు వైపు నుంచి మాత్రం ఇప్పటికీ రావచ్చు, ఉరుములప్పుడు అడాప్టర్ తీసెయ్యండి.

గాజులో వెలుగు నడిచే దారి వెడల్పు తొమ్మిది మైక్రాన్లు, తలవెంట్రుకలో ఎన్నో వంతో. అందుకే బీరువా వెనక తీగను మడిచి నొక్కితే వెలుగు పక్కకి కారిపోతుంది, పెట్టె మీద సిగ్నల్ రావడం లేదని చెప్పే ఎల్‌ఓఎస్ దీపం ఎర్రబడుతుంది. ఆకుపచ్చ కనెక్టరు కొనను వేలితో ముట్టుకోకండి, కంటితో అందులోకి చూడకండి. ఎర్రదీపం లేకుండా నెమ్మదిగా ఉంటే ముందు రూటర్ నుంచి కంప్యూటర్‌కి నేరుగా వైరు పెట్టి వేగం కొలవండి. వైరులో వేగం సరిగా వస్తే కంపెనీవాళ్ల మీద కేకలు వేసి లాభం లేదు, లోటు మన గోడల్లోనే. పెంకుటింట్లో వైఫై ఇల్లంతా తిరిగేది. శ్లాబులో ఇనప ఊచలు, మధ్యలో అద్దం బీరువా, టీవీ వెనక దాచిన రూటర్, ఇవన్నీ దాటి పై గదికి ఏం చేరుతుంది?

పై గదికి ఒక ల్యాన్ వైరు లాగించడమే సరైన మందు. వైరు కొనేటప్పుడు లోపలి తీగను బ్లేడుతో గీకి చూడండి. తెల్లగా కనబడితే అది రాగి పూసిన అల్యూమినియం, వద్దనండి. ఎనిమిది తీగలున్నా వంద ఎంబీపీఎస్‌కి నాలుగే చాలు, గిగాబిట్‌కి మాత్రం ఎనిమిదీ కావాలి. ప్లాను మూడు వందల ఎంబీపీఎస్‌ది తీసుకున్నా తొంభై అయిదు దాటడం లేదంటే ఆ మిగతా నాలుగింట్లో ఏదో ఒకటి వైరు కొనన ఉన్న క్లిప్పులో సరిగా కూర్చోలేదని చాలామటుకు ఊహించవచ్చు. క్లిప్పు కోసి మళ్లీ నొక్కించండి.

చివరగా మళ్లీ డిస్కు దగ్గరికి వద్దాం. మార్చిన పాత హార్డ్ డిస్కు స్మార్ట్ పట్టికలో బాగుంటే పారెయ్యకండి. దాన్ని యూఎస్‌బీ కేసులో పెట్టి ఇంటి ఫొటోలకు రెండో కాపీ చేసుకోండి. ఎస్‌ఎస్‌డీని ఏళ్లతరబడి కరెంటు లేకుండా బీరువాలో పెడితే రాత చెరిగిపోయే ప్రమాదం ఉంది. ఆ పనికి తిరిగే డిస్కే మేలు. తుక్కుకు ఇవ్వాల్సిందే అయితే క్విక్ ఫార్మాట్‌తో ఊరుకోవద్దు. అందులో పోయేది పేర్ల పట్టిక మాత్రమే, ఆధార్ కాపీలు, పాసుబుక్కు ఫొటోలు అన్నీ అలాగే ఉంటాయి. క్విక్ అన్న టిక్కు తీసేసి పూర్తి ఫార్మాట్ పెట్టండి, డిస్కంతా సున్నాలు రాస్తుంది. కొన్ని గంటలు పడుతుంది, రాత్రి పడుకునేముందు పెట్టుకుంటే సరి.