చుక్కల్లో చదువు

అంగన్‌వాడీ టీచరు 3 నుంచి 6 ఏళ్ల పిల్లల కోసం వర్క్‌షీటు తయారుచేయడం దగ్గరుండి చూస్తే, అదెంత ఒడుపైన పనో తెలుస్తుంది. కాగితం నిండా బొమ్మలు కుక్కరు. ఒక పేజీకి ఒకటే పని. 3 ఏళ్ల పిల్లకైతే వెడల్పాటి దారి గీసి, ఈ చివర కోడిపిల్లను, ఆ చివర తల్లికోడిని వేస్తారు. ఇంకాస్త పెద్దయ్యాక నిలువు గీతలు, అడ్డగీతలు, సున్నలు చుక్కల్లో పెడతారు. మొదలుపెట్టాల్సిన చోట పెద్ద చుక్క, పక్కనే బాణం గుర్తు. మన అక్షరాల్లో వంపులే ఎక్కువ కనుక, సున్న చుట్టడం కుదిరిన చేతికి తలకట్టు పెట్టి 'ర' రాయడం ఇట్టే పట్టుబడుతుంది. కాగితం ఇచ్చే ముందు చింతగింజలు లెక్కపెట్టిస్తారు, ఇసుకలో వేలితో దిద్దిస్తారు. మూడు గింజలు చేత్తో ఏరిన పిల్లవాడు మూడు మామిడికాయల బొమ్మ చుట్టూ తడుముకోకుండా గీత గీస్తాడు. పొట్టి క్రేయాన్ ఇస్తే పిల్లలు గుప్పిట బిగించకుండా వేళ్లతోనే పట్టుకుంటారని ఆమెకు తెలుసు. పూర్తయిన కాగితంలో ఆమె తప్పులు వెతకరు. గీత ఎక్కడ వణికింది, ఏ మలుపులో చెయ్యి ఆగింది చూసి, రేపటి కాగితంలో ఆ మలుపును కాస్త సులువు చేస్తారు. అలసిన పిల్లను ఆటకు పంపేస్తారు. ఈ ఓపిక వల్లే పిల్లలకు పెన్సిలంటే బెదురు పోతుంది, మొదలుపెట్టింది పూర్తిచేయడం అలవాటవుతుంది, 'నేనే రాశా' అని అమ్మకు చూపించే ధైర్యం వస్తుంది. బడి చదువుకు ఇంతకన్నా గట్టి పునాది ఏముంటుంది?