సీను లేని పద్యం

పడక సీనులో కృష్ణుడు కళ్లు తెరిచేసరికి కాళ్ల దగ్గర అర్జునుడు, తల దగ్గర దుర్యోధనుడు ఉంటారు. ఆ పలకరింపు పద్యాలు పాడుతున్నంతసేపూ జనం పాత్రధారి నోటికేసి కాదు, చూపుకేసి చూస్తారు. ముందు ఎవరిని చూశాడు, ఎవరివైపు ఒళ్లు తిప్పాడు, ఏ బావ దగ్గర నవ్వాడు అని కనిపెడుతుంటారు. సగం అర్థం అక్కడే ఉంది. ఆ మంచం లేదు, ఆ బావలు లేరు, కిరీటం లేదు, తెల్లవార్లూ కూర్చునే జనం లేరు. తలుపులు బిగించిన గదిలో మైకు ముందు నిలబడి అదే పద్యం పాడితే ఏం మిగులుతుంది? కొన్నాళ్లుగా నన్ను పట్టుకున్న ప్రశ్న ఇది. మన రంగస్థలం మీది పద్యాలు, పాటలు ఒక్క గొంతుతో పాడి ఆల్బంగా తేవాలని పని మొదలుపెట్టాను. ఊరూవాడా నోటికొచ్చినవి కొన్ని, ఇప్పుడు ఎవరూ పాడనివి కొన్ని.

ఇది కొత్త పనేమీ కాదు. 1933 నాటికి గ్రామఫోను ఉన్న తెలుగు ఇంట మోగేది ఎక్కువగా నాటకమే. మన టాకీ అంతకు ముందు ఏడాదే ‘భక్త ప్రహ్లాద’తో మొదలైంది, అదీ సురభి వారు ఆడుతున్న నాటకమే. కపిలవాయి రామనాథశాస్త్రి, వేమూరి గగ్గయ్య వంటి వారి గొంతులు ఆ నల్లటి రేకుల మీదే ఊళ్లు తిరిగాయి. నాటకం చూడని వాళ్లకి కూడా పద్యం వచ్చేసేది. పది అంగుళాల రేకు ఒక వైపు మూడు నిమిషాల పైచిలుకు మాత్రమే తిరుగుతుంది. స్టేజీ మీద ఒక్క సీసపద్యానికి రాగం తీస్తూ పది నిమిషాలు నిలబెట్టే గాయకుడు ఆ మూడు నిమిషాల్లోనే ఎత్తుగడ, నాలుగు పాదాలు, ఎత్తుగీతి, రాగం, ముక్తాయింపు అన్నీ సర్దుకోవాలి. నటులకు అది ఇబ్బందే అయివుంటుంది. వినేవాడిగా మాత్రం నాకు ఆ రేకుల మీద గౌరవం. చప్పట్ల కోసం రాగం సాగదీసే వీలు అక్కడ లేదు. వన్స్‌మోర్ అనడానికి అక్కడ ఎవరూ లేరు. పాడేవాడు మాటను నమ్ముకోక తప్పదు.

మాటను నమ్ముకున్న గొంతు అనగానే మా ఉత్తరాంధ్ర వాళ్లకి ముందు గుర్తొచ్చేది పీసపాటి నరసింహమూర్తి గారు. బలిజిపేట దగ్గర వంతరాంలో 1920లో పుట్టారు. ‘పాండవోద్యోగ విజయాలు’ రాసిన జంటకవుల్లో దివాకర్ల తిరుపతిశాస్త్రి గారు పోయింది కూడా ఆ ఏడే. ఆ జంటకవుల కృష్ణుణ్ణి పీసపాటి వారు కొన్ని దశాబ్దాల పాటు ఊరూరా నడిపించి 2007లో వెళ్లిపోయారు. కాంట్రాక్టు నాటకాల రాత్రుల్లో ఒకే ప్రదర్శనలో ఇద్దరు ముగ్గురు కృష్ణులు ఉంటారు. ఒక సీనుకి ఒకరు, తర్వాతి సీనుకి ఇంకొకరు. ఎవరికి ఎక్కువ చప్పట్లు పడతాయన్నది ఆ రాత్రికి పెద్ద పందెం. ఆ పందెంలో నిలబడే గాయకుడికి పైస్థాయి రాగం పెద్ద ఆయుధం. పీసపాటి వారి పద్యంలో నేను వినేది వేరు. రాయబారానికి వచ్చిన మనిషి ఎలా మాట్లాడతాడో అలా వినిపిస్తుంది. ముందు మర్యాద, తర్వాత లెక్క, చివరికి బెదిరింపు. రాగం ఆ మూడింటి వెనకాల నడుస్తుంది, ముందుకు రాదు.

నాకు హార్మోనియం వాయించే పెద్దాయనది అనకాపల్లి వైపు. అమ్మవారి పండగల్లో నాటకాలకి పెట్టె పట్టిన మనిషి. రిహార్సల్లో రాయబారం పద్యం ఎత్తుకున్నాను. ఆయన వేళ్లు ఆపేసి, “ఎవుడితో సెప్తన్నావు బాబూ ఇది? ఆడు ఎక్కడ కూకున్నాడు?” అనడిగారు. ఆ తర్వాత ప్రతి పద్యానికీ ముందు ఆ చోటు ఖాయం చేసుకుంటున్నాం. ధృతరాష్ట్రుడికి చెప్పే పద్యమైతే వినేది చూపులేని ముసలాయన, కాబట్టి గొంతులోనే ముఖం కనబడాలి. దుర్యోధనుడికైతే సభలో ఉన్న మిగతావాళ్లకీ వినబడాలి. అర్జునుడికైతే పక్కనున్నవాడికి చెప్పినట్టు ఉండాలి, అరవక్కర్లేదు. శ్రుతి పెంచకుండానే ఈ తేడాలన్నీ పలుకుతాయి. మైకు లేని రోజుల్లో చివరి వరస దాకా వినబడాలని నటులు పైశ్రుతిలో పాడారు. మైకు నోటి దగ్గరకొచ్చాక కూడా అదే ఎత్తున పాడితే పద్యం దూరమైపోతుందని నా నమ్మకం.

ఊపిరి ఎక్కడ తీయాలన్నది ఇంకో పని. ఉత్పలమాలలో యతి పదో అక్షరం, చంపకమాలలో పదకొండు, శార్దూలానికి పదమూడు, మత్తేభానికి పద్నాలుగు. గాయకులకు యతి దగ్గర, పాదం చివర ఆగడం అలవాటు. తెలుగు పద్యంలో మాట ఆ కంచె దాటి పక్క పాదంలోకి పోతుంటుంది. అక్కడ ఆగితే సమాసం రెండు ముక్కలవుతుంది. వేదిక మీద చెయ్యి ఊపి, కనుబొమ ఎత్తి ఆ ముక్కల్ని కలపవచ్చు. రికార్డులో కలపలేం. అందుకని పద్యాన్ని ముందు వచనంలా చదువుకుని, అర్థం ఆగిన చోటే ఊపిరి పెట్టుకుంటున్నాను. యతి వినబడాలి గానీ దాని కోసం మాట విరగకూడదు.

ఈ విషయంలో ఘంటసాల గారికి మనమంతా రుణపడి ఉన్నాం. విజయనగరం సంగీత కళాశాలలో పట్రాయని సీతారామశాస్త్రి గారి శిష్యుడిగా తయారైన గొంతు అది. కరుణశ్రీ ‘పుష్పవిలాపం’ పద్యాలు ఆయన రికార్డుగా ఇచ్చినప్పుడు దాని వెనక నాటకం లేదు, సినిమా లేదు. అయినా పూలు మాట్లాడుతున్నాయనీ, ఒక మనిషి వింటున్నాడనీ ఎవరికైనా తెలుస్తుంది. స్టేజీ పద్యాన్ని కూడా అలా ఒంటరిగా నిలబెట్టవచ్చన్న ధైర్యం నాకు అక్కడే దొరికింది.

మరాఠీ వాళ్లు ఈ పని మనకన్నా శ్రద్ధగా చేసుకున్నారు. వాళ్ల నాట్యసంగీతం కచేరీలో భాగమైపోయింది. శాస్త్రీయ విద్వాంసులు ఖయాల్ పాడి, చివర్లో నాటకం పాట అందుకుంటారు. కుమార్ గంధర్వ అయితే బాలగంధర్వ స్టేజీ మీద పాడిన పాటల్ని తనకు అర్థమైన తీరులో పాడి ఒక కార్యక్రమంగానే నడిపారు, అది రికార్డుగానూ వచ్చింది. ఆయన అనుకరించలేదు, ప్రతి పాటనీ మళ్లీ ఆలోచించి పాడారు. అమెరికాలో ఎల్లా ఫిట్జెరాల్డ్ 1956లో కోల్ పోర్టర్ పాటల పుస్తకం పేరుతో రెండు రేకులు ఇచ్చారు. రంగస్థలానికీ సినిమాకీ రాసిన ఆ పాటలు కథ నుంచి విడివడి, ఆమె గొంతులో సొంత బతుకు బతికాయి. మన దగ్గర పద్యనాటకం పాట కచేరీ గుమ్మం తొక్కదు. ఈ ఎడబాటు నాకు నిజంగా బాధ.

బాలగంధర్వ లాగే ఆడవేషంతో దేశాన్ని ఆశ్చర్యపరిచిన మనిషి మనకీ ఉన్నారు. స్థానం నరసింహారావు గారు, బాపట్ల. 1956లో పద్మశ్రీ. ‘శ్రీకృష్ణ తులాభారం’లో సత్యభామ గర్వంగా పాడే ఆ ప్రసిద్ధమైన పాట ఆయన స్వయంగా రాసుకున్నదే. 1966లో సినిమాగా తీసినప్పుడు సుశీల గారి గొంతుతో, జమున గారి జడవిసురుతో అది ప్రతి ఇంటికీ చేరింది. స్థానం వారు ఆ ఒక్క పల్లవికే రకరకాల భావాలు చూపేవారట. నేను దాన్ని ఆల్బంలో పెట్టుకున్నాను. సుశీల గారి దారిలో వెళ్లను. మగవాడు సత్యభామగా పాడిన పాటని మళ్లీ మగగొంతులోనే, చిలిపితనం తగ్గించి, నమ్మకంతో పాడాలని ఉంది. ఆ గర్వం నవ్వులాట కాదు. కృష్ణుడు తన కొంగున ఉన్నాడని ఆమె నిజంగానే నమ్ముతోంది, అందుకే తర్వాత తులాభారం అంత నొప్పిస్తుంది.

కాటి సీను లేకుండా ఈ ఆల్బం ఉండదు. బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి ‘సత్య హరిశ్చంద్రీయం’ ఆడేటప్పుడు శ్మశానంలో హరిశ్చంద్రుడు పాడే పద్యాల్లో జనం ఎదురుచూసేవి గుర్రం జాషువా గారివి. నటులు ఆయన శ్మశానవాటిక పద్యాల్ని తెచ్చి సీనులో కలుపుకున్నారు, అవి అక్కడే స్థిరపడిపోయాయి. డి.వి.సుబ్బారావు గారి వంటి హరిశ్చంద్రులు వాటిని పల్లెపల్లెకీ చేర్చారు. విన్నవాళ్లలో చాలామందికి కవి పేరు తెలియదు. అంటరానితనం అనుభవించిన కవి, చావు ముందు రాజూ పేదా ఒకటేనని రాసిన పద్యాలవి. వాటిని హరిశ్చంద్రుడి దుఃఖంతో కాకుండా జాషువా చూపుతో పాడాలని నా పట్టుదల. ఏడుపు వద్దు, చూసినదాన్ని చూసినట్టు చెప్పే గొంతు చాలు. ఆల్బం అట్ట మీద ఆ పద్యం పక్కన ఆయన పేరే ఉంటుంది.

మరుగుపడిన పాటల సంగతి వేరు. ఈలపాట రఘురామయ్య గారు వేలు నోట పెట్టుకుని ఈలతోనే పద్యం వినిపించేవారు. మాట లేకపోయినా జనానికి పద్యం అర్థమయ్యేది, ఎందుకంటే ఆ మాటలు వాళ్ల దగ్గరే ఉన్నాయి. తెలిసిన పద్యానికి వినేవాడు సగం సాయం చేస్తాడు. తెలియని పాటకు ఆ సాయం ఉండదు. బళ్లారి ధర్మవరం రామకృష్ణమాచార్యుల వారు నాటకంలో పాటలకు చోటిచ్చిన తొలితరం మనిషి. ఆయన ‘చిత్రనళీయం’, ‘సారంగధర’ పాటలు ఇప్పుడు పాడితే కథ తెలిసినవాళ్లు తక్కువ. కొప్పరపు సుబ్బారావు గారి ‘రోషనార’, స్థానం వారు వేషం కట్టిన నాటకం, దాదాపు వినబడటమే లేదు. పాత నాటకం పుస్తకాల్లో పాట నెత్తిన రాగం, తాళం వేసి ఉంటాయి. కొన్నిచోట్ల ఫలానా పాట మట్టు అని మాత్రమే ఉంటుంది, ఆ ఫలానా పాట ఎలా పాడేవారో చెప్పేవాళ్లు కావాలి. రాగం పేరు దొరికినంత మాత్రాన వరస దొరకదు. హిందుస్థానీ కాపీకీ, స్టేజీ మీద స్థిరపడిన కాపీకీ మధ్య తేడా పుస్తకంలో ఉండదు, పెట్టె వాయించినవాళ్ల వేళ్లలో ఉంటుంది. అందుకే ఇలాంటి పాటకు ముందు రెండు మూడు వాక్యాల వచనం చెబుతున్నాను. ఎవరు, ఎవరితో, ఏం జరిగాక, అంతే.

వాద్యాలు హార్మోనియం, తబలా మాత్రమే. కీబోర్డు వయొలిన్లు, గుడిగంటల శబ్దాలు వేద్దామని స్టూడియో కుర్రాళ్లు ప్రేమగానే అడుగుతున్నారు. వద్దన్నాను. నాటకానికి ఆ రెండు వాద్యాలే చాలాకాలం మొత్తం వాతావరణం కట్టాయి, నా గొంతుకీ అవి చాలు.

మనవాళ్లకి ఒక మనవి. రోషనార, చిత్రనళీయం నాటకాల పాత ప్రతులు ఎవరింట ఉన్నా, కాంట్రాక్టు నాటకాలకి పెట్టె పట్టిన పెద్దలు భీమిలి నుంచి బొబ్బిలి దాకా ఎక్కడున్నా పత్రిక చిరునామాకి ఒక ఉత్తరం రాయండి. పుస్తకం అడగను, పాట దగ్గరి పేజీలు ఫోనులో తీసుకుని వెళ్తాను. పెద్దల దగ్గర మాత్రం ఒక పూట కూర్చుంటాను.