కత్తి - కలిమా - ఖజానా

'ఒక చేత కత్తి, ఇంకో చేత ఖురాన్' అన్న మాట తెలుగులో దాదాపు సామెత అయిపోయింది. ఉపన్యాసాల్లో వాడతారు, సంపాదకీయాల్లో వాడతారు, మన మీద సానుభూతి చూపబోయే మిత్రులు కూడా 'అదంతా పాతకాలపు సంగతి లెండి' అంటూ వాడతారు. ఈ బొమ్మకు ఇంగ్లీషులో అంత ప్రచారం రావటానికి ఒక ముఖ్య కారణం గిబ్బన్. రోమన్ సామ్రాజ్య పతనం మీద 1776-88 మధ్య అచ్చైన ఆయన గ్రంథంలో ఇదే బొమ్మ ఉంది. గిబ్బన్ ఇస్లాం మీద పగతో రాసినవాడు కాడు. ఆయన వెక్కిరింతలో ఎక్కువ భాగం చర్చికే దక్కింది. కానీ వాక్యం మాత్రం ఆయన్ని దాటి, సముద్రం దాటి, బ్రిటిష్ పాలనతో పాటు వచ్చి మన వాకిట్లో కూర్చుంది.

చిన్న సంగతి ఒకటి. యర్మూక్ యుద్ధం జరిగింది 636లో. ఖురాన్ ప్రామాణిక ప్రతులు రాయించి ప్రధాన పట్టణాలకు పంపింది ఖలీఫా ఉస్మాన్ కాలంలో, 650 ప్రాంతంలో. యర్మూక్ సిపాయి గుండెలో ఆయత్‌లు ఉండి ఉంటాయి, చేతిలో పట్టుకోవటానికి ప్రతి ఎక్కడిది?

దీనికి మనవాళ్ళు ఉర్దూలో చెప్పిన జవాబు ఏమిటి? ఈ వ్యాసంలో నా అసలు పేచీ దానితోనే. షిబ్లీ నోమానీ 'అల్ ఫారూఖ్' పందొమ్మిదో శతాబ్దం చివర వచ్చింది. హజ్రత్ ఉమర్ జీవితచరిత్ర. గొప్ప పుస్తకం, సందేహం లేదు. రోమన్లూ ఇరానీలూ బలహీనపడి ఉన్నారు కాబట్టే అరబ్బులు గెలిచారన్న యూరప్ చరిత్రకారుల వాదాన్ని షిబ్లీ ఎదురుగా నిలబెట్టి ఖండిస్తాడు. ప్రవక్త నింపిన పట్టుదల, ఉత్సాహం, నిజాయితీ వల్లే గెలుపు సాధ్యమైందంటాడు. వలసపాలన కింద తల వంచుకుని బతుకుతున్న ఒక జాతికి ఆ పుస్తకం వెన్నెముక ఇచ్చింది. కాని ఆ దారిలోనే తర్వాత నసీమ్ హిజాజీ నవలలు వచ్చాయి. గుర్రాల డెక్కల చప్పుడు, మెరిసే కత్తులు, పదిహేడేళ్ళ సేనాపతి. ఉర్దూ చదివే ఇళ్ళల్లో ఒక తరం కుర్రాళ్ళు 'ముహమ్మద్ బిన్ ఖాసిం' నవల చదివి ఛాతీ విరుచుకున్నారు. ఆలోచిస్తే ఇది గిబ్బన్ బొమ్మే. అక్కడ నల్లరంగు వేస్తే ఇక్కడ ఆకుపచ్చ రంగు వేశారు. రాజ్యం విస్తరించటం, మతం వ్యాపించటం ఒకే పని అన్న పొరపాటు ఇద్దరిదీ.

ఆ రెంటినీ విడదీసి చూద్దాం.

602 నుంచి 628 దాకా, పాతికేళ్ళకు పైగా రోమన్, ఇరాన్ సామ్రాజ్యాలు ఒకదాన్నొకటి నమిలేసుకున్నాయి. 614లో ఇరానీలు జెరూసలేం పట్టుకున్నారు. తర్వాత హెరాక్లియస్ ఎదురు దండయాత్ర చేసి ఇరాన్ గుండె దాకా వెళ్ళాడు. రెండు ఖజానాలూ ఖాళీ. ఎడారి అంచున కాపలాగా ఉంటూ వచ్చిన లఖ్మీ అరబ్ రాజ్యాన్ని ఇరాన్ షా తానే 602 ప్రాంతంలో కూల్చుకున్నాడు. సిరియా, ఈజిప్టు క్రైస్తవుల్లో చాలామందిని కాన్‌స్టాంటినోపుల్ చర్చి మతభ్రష్టులుగా చూసింది. ఈజిప్టులో కాప్టిక్ మతగురువు బెంజమిన్ ఏళ్ళ తరబడి అజ్ఞాతంలో ఉన్నాడు. మళ్ళీ బయటకు రమ్మని అభయం ఇచ్చినవాడు ముస్లిం సేనాని అమ్ర్. ఇటు అరేబియాలో 632-33 రిద్దా యుద్ధాలతో అబూబకర్ తెగలన్నిటినీ ఒక్క అధికారం కిందికి తెచ్చాడు. ఒకరి ఒంటెల్ని ఒకరు దోచుకుని బతికిన తెగలకు ఇప్పుడు ఆ దారి మూసుకుపోయింది. ఆ బలం ఎటో ఒకవైపు పోవాలి, ఉత్తరానికి పోయింది. 637లో మదాయిన్, 641-42లో ఈజిప్టు, 642లో నహావంద్. షిబ్లీ చెప్పిన విశ్వాసబలం అబద్ధం కాదు. ప్రాణం ఇవ్వటానికి మనిషికి ఏదో ఒక నమ్మకం కావాలి. కాని విశ్వాసం సైన్యాన్ని ఎందుకు నిలబెట్టిందో చెబుతుంది గాని, గెలిచిన నేలను ఏం చేశారో చెప్పదు.

అది చెప్పేది బలాజురీ. తొమ్మిదో శతాబ్దపు చరిత్రకారుడు, 892 ప్రాంతంలో చనిపోయాడు. ఆయన 'ఫుతూహుల్ బుల్దాన్' పేరుకు దండయాత్రల గ్రంథమే గాని, చదువుతుంటే తహసీలు కచేరీలో కూర్చున్నట్టు ఉంటుంది. ఏ ఊరు లొంగిపోయింది, ఏ ఊరు పోరాడి ఓడింది, తలకు ఎంత, జరీబు నేలకు ఎంత. గెలిచిన ఇరాక్ భూముల్ని సిపాయిలకు పంచిపెట్టమని ఒత్తిడి వస్తే ఉమర్ ఒప్పుకోలేదు. భూమి సాగుచేసేవాడి దగ్గరే ఉండాలి, దాని పన్ను దివాన్‌కు రావాలి, దివాన్ నుంచి సిపాయికి జీతం పోవాలి. బద్ర్‌లో పోరాడినవారికి ఏడాదికి 5000 దిర్హమ్‌లు, ఆలస్యంగా వచ్చి చేరినవారికి కొన్ని వందలు. అరబ్బుల్ని ఊళ్ళల్లో కలవనివ్వకుండా బస్రా, కూఫా, ఫుస్తాత్ అని వేరే దండు పట్టణాలు కట్టారు. ఈ ఏర్పాటులో రైతు ముస్లిం కావలసిన అవసరం ఎక్కడుంది? అయితేనే చిక్కు. పన్ను కట్టేవాడు తగ్గి జీతం అడిగేవాడు పెరుగుతాడు.

హిమ్స్ కథ మనవాళ్ళకు ప్రాణం. యర్మూక్‌కు ముందు ముస్లిం సేన హిమ్స్ పట్టణం ఖాళీ చేస్తూ, మిమ్మల్ని కాపాడలేకపోతున్నాం అంటూ వసూలు చేసిన పన్ను తిరిగి ఇచ్చేసిందని బలాజురీ రాశాడు. దీన్ని న్యాయబుద్ధికి ఉదాహరణగా చెప్పుకుంటాం. చెప్పుకోవచ్చు. కాని దీనిలో ఇంకో సంగతి ఉంది: జిజియా రక్షణకు కట్టే వెల, మతానికి వేసే శిక్ష కాదు. అందుకే అంతాకియా దగ్గరి కొండల్లోని జరాజిమా క్రైస్తవులు యుద్ధంలో సాయపడతామని జిజియా మినహాయింపు పొందారు. బనూ తగ్లిబ్ అనే క్రైస్తవ అరబ్ తెగ జిజియా అన్న పేరు మాకు అవమానం అంటే, అలాగేనని దాని బదులు రెట్టింపు సదఖా వసూలు చేశారు. బేరం కుదిరింది, మతం ఎక్కడిదక్కడే ఉంది. డమాస్కస్ ఖజానా లెక్కలు ఎన్నో ఏళ్ళు గ్రీకులో రాసింది క్రైస్తవ గుమాస్తాలే. అబ్దుల్ మలిక్ కాలంలో, ఏడో శతాబ్దం చివర గాని అవి అరబీలోకి మారలేదు.

మన దేశానికి సంబంధించినది సింధ్. 711-12లో ముహమ్మద్ బిన్ ఖాసిం దేబల్ పట్టుకున్నాడు, రాజా దాహిర్ యుద్ధంలో చనిపోయాడు. దాన్ని ఒకరు హిందూ నాగరికత మీద దాడి అంటారు, ఇంకొకరు హిందూస్తాన్‌లో ఇస్లాం ఉదయం అంటారు. పంపినవాడు ఏమన్నాడు? ఇరాక్ గవర్నర్ హజ్జాజ్ బిన్ యూసుఫ్ ఖర్చు లెక్క వేయించాడు. ఖర్చు ఆరు కోట్ల దిర్హమ్‌లు, వచ్చింది పన్నెండు కోట్లు. పగ తీరింది, ఆరు కోట్ల లాభం, పైగా దాహిర్ తల అని సంతోషించాడట. చెబుతున్నది బలాజురీ, శత్రువు కాదు. ఇందులో ఎంతమంది కలిమా చదివారన్న పద్దు లేదు. 715లో కొత్త ఖలీఫా సులైమాన్ రాగానే హజ్జాజ్ మనుషుల మీద వేట మొదలైంది. ముహమ్మద్ బిన్ ఖాసింను సంకెళ్ళతో తెప్పించి వాసిత్ జైల్లో హింసించి చంపారు. నవలగా చదివితే కన్నీటి కథ. పద్దుల పుస్తకంగా చదివితే ఒక వర్గం పోయి ఇంకో వర్గం ఖజానా తాళాలు తీసుకోవటం. చంపించిన రెవిన్యూ అధికారి సాలిహ్ ఎవరో తెలుసా? సిస్తాన్ యుద్ధబందీల సంతానం, ఒక మవాలీ.

ఈ మవాలీల దగ్గర కాస్త ఆగాలి. అరబ్బు కానివాడు ముస్లిం అయితే ఏదో ఒక అరబ్ తెగను ఆశ్రయించి దాని 'మౌలా' కావాలి. బహువచనం మవాలీ. మన వీధుల్లో తిట్టుగా వాడే 'మవాలీ' చెవిన పడ్డప్పుడల్లా నాకు వీళ్ళే గుర్తొస్తారు. ఇరాక్ రైతులు కలిమా చదివి బస్రా, కూఫాలకు చేరితే హజ్జాజ్ వాళ్ళని పన్ను కట్టమని తిరిగి పల్లెలకు తరిమాడు. చేతుల మీద ఊరి పేర్లు ముద్ర వేయించాడనీ రాశారు. ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ (717-720) ఒక్కడు దీన్ని ఆపాలని చూశాడు. జిజియా తప్పించుకోవటానికి ముస్లింలు అవుతున్నారు, సున్తీ పరీక్ష పెట్టమంటారా అని ఖురాసాన్ గవర్నర్ అడిగితే, ప్రవక్తను పంపింది ధర్మం వైపు పిలవటానికి, సున్తీలకు కాదని మందలించాడని తబరీ చెబుతాడు. ఆయన పోయాక పాత పద్ధతే వచ్చింది.

కత్తితోనే ఇస్లాం వ్యాపించి ఉంటే, ఉమయ్యద్ రాజ్యం కూలిన 750 నాటికి ఇరాన్ అంతా ముస్లిం కావాలి. రిచర్డ్ బుల్లెట్ జీవితచరిత్రల నిఘంటువుల్లోని పేర్ల వరస పట్టి 1979లో వేసిన అంచనా ప్రకారం అప్పటికి ఇరాన్ జనాభాలో ముస్లింలు పదోవంతుకు అటూ ఇటూ. మతమార్పు ఊపందుకున్నది అరబ్బుల గుత్తాధికారం పోయిన తర్వాతే, తొమ్మిదో శతాబ్దంలో.

మరి దక్కన్ ముస్లిం ఈ కథలో ఎక్కడ? ఉమయ్యద్ సేనలు ఇటు రానేలేదు. నవసారి దగ్గర వాళ్ళని ఆపానని చాళుక్య పాలకుడు అవనిజనాశ్రయ పులకేశి 739 నాటి తామ్రశాసనంలో చెప్పుకున్నాడు. దూది ఏకి బతికిన వాళ్ళని యర్మూక్‌కు జవాబు చెప్పమనటం ఎంత అన్యాయమో, వాళ్ళకు యర్మూక్ వారసత్వం అంటగట్టి మీసం తిప్పమనటం అంతే హాస్యాస్పదం. అషరాఫ్ ఇళ్ళల్లో గోడకు తగిలించిన వంశవృక్షాలు ఖురైష్ దాకా వెళతాయి. పింజారి, దూదేకుల, లద్దాఫ్ ఇళ్ళ గోడలకు అవి ఉండవు. ఉండనక్కరలేదు. ఆ చరిత్రలో మనకు చుట్టాలు ఎవరైనా ఉంటే సేనాపతులు కాదు, మవాలీలు.

728 ప్రాంతంలో సమర్‌ఖంద్‌లో జరిగింది చూడండి. ఖురాసాన్ గవర్నర్ అష్రస్, ముస్లిం అయినవారికి జిజియా ఉండదని మాట ఇచ్చి, అబుస్ సైదా అనే మవాలీ ప్రచారకుణ్ణి సుగ్ద్ ప్రజల మధ్యకు పంపాడు. జనం తండోపతండాలుగా వచ్చారు, మసీదులు కట్టుకున్నారు. పన్ను పడిపోయింది. స్థానిక భూస్వాములు ఇక ఎవరి దగ్గర వసూలు చేయమంటారని మొరపెట్టుకున్నారు. అష్రస్ మాట తప్పి కొత్త ముస్లింల మీద మళ్ళీ జిజియా వేశాడు. ఏడువేల మంది ఊరు విడిచి బయట మకాం వేశారు. అబుస్ సైదా గవర్నర్‌ను వదిలి వాళ్ళ పక్కన చేరాడు. ఇస్లాం రాజ్యం ఇస్లాం ప్రచారకుణ్ణి పట్టుకుని బంధించింది, ఎక్కువమందిని ముస్లింలని చేసినందుకు. ఆ తర్వాత ఆ ప్రాంతమంతా తిరుగుబాటు అయింది. ఇరవై ఏళ్ళకు ఖురాసాన్ నుంచి వచ్చిన నల్లజెండాల సేన ఉమయ్యద్‌లను కూల్చినప్పుడు ఆ గాయాలన్నీ ఆ సేనలో ఉన్నాయి.

నేను చదివిన ఉర్దూ చారిత్రక నవలల్లో అబుస్ సైదా లేడు. తబరీలో ఉన్నాడు. తబరీనీ, బలాజురీనీ ఉర్దూలోకి తెచ్చింది మన హైదరాబాద్‌లోనే, 1917లో పెట్టిన ఉస్మానియా దారుత్తర్జుమా. ఉర్దూ రాని కర్నూలు, గుంటూరు దూదేకుల కుర్రాడి చేతికి ఆ పుటలు తెలుగులో అందాలి. రెండు భాషలూ వచ్చిన మనం ముందు ఆ సమర్‌ఖంద్ అధ్యాయంతో మొదలుపెట్టవచ్చు.