తొర్రల లెక్క

గిద్దలూరు–నంద్యాల మధ్య నల్లమలలో, పాత చెట్ల తొర్రల్లో నీలంగా మెరిసే పెద్ద సాలీడు ఉంటుంది. 1899లో జంతుశాస్త్రవేత్త పోకాక్ దానికి పేరు పెట్టాడు, గుత్తిలో రైల్వే కలప దగ్గర దొరికిన నమూనాను చూసి. దాని అసలు చోటు తెలిసింది 2001లో!

ఆ సాలీడు కోసం రాత్రి టార్చి పట్టుకుని తొర్ర తొర్రా వెతికే జీవావరణ పరిశోధకుడి పనిని మనవాళ్లు ఉద్యోగమనుకోరు. చెట్టు జాతి, చుట్టుకొలత, తొర్ర ఎత్తు రాసుకోవాలి. ఏళ్ల తరబడి అదే చెట్టు దగ్గరకు వెళ్లాలి. ఖాళీగా ఉంటే ‘లేదు’ అనీ రాయాలి. నన్నడిగితే అసలు పనితనం అక్కడే. ఎండలు ముదిరి, వానలు గతి తప్పినప్పుడు అడవిలో ఏది తగ్గిందో, గొడ్డలి వల్లో ఎండ వల్లో తేల్చాలంటే ఆ ‘లేదు’లే ఆధారం. పెద్ద చెట్లు తక్కువైన చోట ఒకే తొర్రలో కొన్ని సాలీళ్లు సర్దుకుంటాయి. వాటినీ ఒక్కొక్కటిగా లెక్కపెట్టాల్సిందే.