ఢిల్లీకి అంతరాత్మ, గేరికి విధేయత

రాష్ట్రపతి ఎన్నిక వచ్చిందంటే పేపర్ల నిండా రెండు మాటలు కనపడతాయి. ఒకటి పార్టీ విధేయత, రెండోది అంతరాత్మ ప్రబోధం. ఎంపీ గానీ ఎమ్మెల్యే గానీ పార్టీ చెప్పినోళ్లకు ఓటెయ్యాలా, తన మనసు చెప్పినోళ్లకు వెయ్యాలా అని పెద్దపెద్దోళ్లు చర్చ పెడతారు. ఆ ఎమ్మెల్యేని, ఆ ఎంపీని గెలిపించిన మాలమాదిగలు మాత్రం ఈ చర్చలో ఎక్కడా కనపడరు. కర్నూలు, కడప జిల్లాల్లో తాతల నాటి నుంచి ఒకే గుర్తును నమ్ముకున్న దళిత ఓటరుకు, రాష్ట్రపతి ఎన్నిక వేళ తన పార్టీని మళ్లీ తూచుకునే హక్కుందా? ఉంటే ఏ తక్కెట్లో తూచుకోవాలి? ఈ వ్యాసం అడిగే ప్రశ్న ఇదే.

ముందుగా ‘పార్టీ’ అనే మాట సంగతి తేల్చుకోవాలి. రాజనీతిశాస్త్రం పుస్తకాల్లో పార్టీ అంటే సిద్ధాంతం, ప్రణాళిక, సభ్యత్వం. సీమ పల్లెల్లో పార్టీ అంటే మనుషుల గుంపు. ‘మీది ఏ పార్టీ?’ అంటే మీరు ఏ రెడ్డి వైపు అని అర్థం. రెడ్డి కాంగ్రెస్‌లో ఉంటే గేరి కాంగ్రెస్, రెడ్డి తెలుగుదేశంలోకి దూకితే తెల్లారేసరికి గేరి కూడా తెలుగుదేశం. వాన రాని ఏడు అప్పిచ్చేది ఆయనే, పోలీస్ స్టేషన్ నుంచి విడిపించేది ఆయనే, ఎదుటి గుంపు మీదికి పొమ్మని తోలేదీ ఆయనే. ఆదోని, కోసిగి వైపు నుంచి గుంటూరు మిరప చేలకు సుగ్గికి పోయినోళ్లను ఓట్ల నాటికి బండెక్కించి తెచ్చేదీ ఆ గుంపే. దీనికి రాజకీయ పండితులు పెట్టిన పేరు పార్టీ విధేయత. ఇందులో భయమెంత, బాకీ ఎంత, ఇష్టమెంత అని ఎవడూ లెక్క తియ్యలేదు.

అయితే దళితుల విధేయత అంతా రెడ్డి చాటు విధేయతేనని కొట్టిపారెయ్యడం కూడా తప్పే. ఇందిరమ్మ పేరు చెప్తే గేరిలో ముసలామె చేతులు జోడించిందంటే, అది రెడ్డి చెప్తే జోడించింది కాదు. ఇంటి స్థలం, బంజరు పట్టా, పిల్లోడికి హాస్టలు, ఇవన్నీ ఊరి పెద్దను దాటి వచ్చినట్టు ఆమెకు అనిపించింది. ఢిల్లీ మీద పెట్టుకున్న ఈ నమ్మకం ఊరి మీద ఉన్న అపనమ్మకంలోంచి పుట్టింది. కాబట్టి మన విధేయత రెండు ముక్కలు. ఒకటి రెడ్డి గుంపుకు, ఇంకోటి రెడ్డిని దాటి పోవాలనే ఆశకు. రాష్ట్రపతి ఎన్నిక ఈ రెండు ముక్కలనూ ఎట్లా వాడుకుందో చూద్దాం.

కథ 1960లో మొదలవుతుంది. ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డి అఖిల భారత కాంగ్రెస్ అధ్యక్షుడిగా పోతూ ఖాళీ చేసిన కుర్చీలో కర్నూలు పక్కన పెదపాడులో పుట్టిన దామోదరం సంజీవయ్య కూచున్నాడు. దేశంలోనే తొలి దళిత ముఖ్యమంత్రి. 1962 ఎన్నికల తర్వాత సంజీవరెడ్డి మళ్లీ ముఖ్యమంత్రి అయ్యాడు. సంజీవయ్యను ఢిల్లీకి పంపి కాంగ్రెస్ అధ్యక్షుణ్ణి చేశారు. ఆ పదవిలోనూ ఆయనే తొలి దళితుడు. మనవాళ్లు ఇప్పటికీ దీన్ని గర్వంగా చెప్పుకుంటారు, చెప్పుకోవాల్సిందే. కానీ ఇంకో వైపు నుంచి కూడా చూడాలి. రెడ్డి పోయినప్పుడు కుర్చీ దొరికింది, రెడ్డి వచ్చినప్పుడు కుర్చీ పోయింది. గౌరవం దొరికింది గానీ కుర్చీ ఎప్పుడివ్వాలో, ఎప్పుడు తీసుకోవాలో నిర్ణయించే అధికారం మాత్రం దొరకలేదు.

తొమ్మిదేళ్లకు ఇదే ఆట రాష్ట్రపతి భవన్ ముందు జరిగింది. 1969 మే 3న రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ పదవిలో ఉండగానే చనిపోయాడు. జూలైలో బెంగుళూరులో కాంగ్రెస్ పార్లమెంటరీ బోర్డు కూచున్నప్పుడు ఇందిరాగాంధీ జగ్జీవన్ రామ్ పేరు పెట్టింది. సిండికేట్ పెద్దలు సంజీవరెడ్డి పేరు పెట్టారు. మెజారిటీ సంజీవరెడ్డి వైపు తేలింది. గాంధీ శతజయంతి ఏడాదిలో దళితుణ్ణి రాష్ట్రపతిని చేద్దామన్న మాట ఆ గదిలోనే ఆగిపోయింది. తర్వాత ఇందిరాగాంధీ తన పార్టీ అభ్యర్థిని వదిలి స్వతంత్రుడిగా నిలబడ్డ వి.వి. గిరి వైపు తిరిగింది. అంతరాత్మ ప్రబోధం ప్రకారం ఓటెయ్యండి అని పిలుపిచ్చింది. ఆగస్టు 16న ఓట్లు పడ్డాయి. రెండో ప్రాధాన్య ఓట్లు కూడా లెక్కపెట్టాక గిరికి 4,20,077, సంజీవరెడ్డికి 4,05,427. తేడా 14,650. అదే ఏడాది చివరికల్లా కాంగ్రెస్ రెండు ముక్కలైంది.

ఈ ఘట్టాన్ని చరిత్ర పుస్తకాలు ఇందిరకూ సిండికేట్‌కూ మధ్య యుద్ధంగా రాస్తాయి. సీమ పెద్దలు ‘మన బిడ్డను ఓడించారు’ అని రాస్తారు. మనం ఎట్లా చదవాలి? జగ్జీవన్ రామ్ పేరును బోర్డు తోసేసినప్పుడు ఎవరి అంతరాత్మా నిద్ర లేవలేదు. ఆయన పేరు పెట్టిన ఇందిరాగాంధీ కూడా ఆయన కోసం పార్టీని ధిక్కరించలేదు, గిరి కోసం ధిక్కరించింది. అంటే దళితుడి పేరు ఎత్తుగా పనికొచ్చింది, పంతానికి పనికిరాలేదు. అంతరాత్మ అనేది కులం లేని వస్తువని చెప్తారు. 1969లో అది ఎప్పుడు మేలుకుందో, ఎప్పుడు కళ్లు మూసుకుందో చూస్తే దాని కులం తెలుస్తుంది.

1971 లోక్‌సభ ఎన్నికల్లో సంజీవరెడ్డి పాత కాంగ్రెస్ తరఫున అనంతపురంలో నిలబడి ఇందిర కాంగ్రెస్ అభ్యర్థి చేతిలో ఓడిపోయాడు. సొంత జిల్లాలో, సొంత గడ్డ మీద, ఆవు-దూడ గుర్తు ఆయన్ని కింద పడేసింది. గరీబీ హటావో నినాదం పెద్ద రెడ్డినైనా దాటగలదని సీమలో రుజువైంది. 1977లో కథ తిరగబడింది. రాష్ట్రంలో 42 లోక్‌సభ స్థానాల్లో 41 కాంగ్రెస్ గెలిచింది. కాంగ్రెస్‌ను కాదన్న ఆ ఒక్క సీటు కర్నూలు జిల్లా నంద్యాల. గెలిచింది జనతా అభ్యర్థి సంజీవరెడ్డి. మొదట స్పీకర్ అయ్యాడు, ఆ జూలైలోనే పోటీ లేకుండా రాష్ట్రపతి అయ్యాడు.

ఆ ఓటు ఎక్కడికి పోయి చేరిందో చూడండి. 1979లో మొరార్జీ ప్రభుత్వం కూలింది. తర్వాత వచ్చిన చరణ్ సింగ్ లోక్‌సభలో బలం నిరూపించుకోకుండానే రాజీనామా చేశాడు. అప్పుడు జనతా పార్టీ నాయకుడు జగ్జీవన్ రామ్. ప్రభుత్వం ఏర్పాటు చేస్తాను, అవకాశం ఇవ్వండి అని అడిగాడు. రాష్ట్రపతి సంజీవరెడ్డి ఆయన్ని పిలవకుండా ఆగస్టు 22న లోక్‌సభను రద్దు చేశాడు. పదేళ్ల కింద బెంగుళూరులో ఎవరి పేరు ముందుకొస్తే జగ్జీవన్ రామ్ పేరు వెనక్కి పోయిందో, ఆయన చేతిలోనే ఈ దేశానికి దళిత ప్రధాని అయ్యే దారి మూసుకుపోయింది. రాజ్యాంగం ప్రకారం అది తప్పా ఒప్పా అని లాయర్లు ఇప్పటికీ వాదించుకుంటారు. నంద్యాల గేరి నుంచి చూస్తే వాదన వేరే. మార్పు కోసమని వేసిన ఓటు ఎవరి దారికి అడ్డం పడుతుందో, వేసేనాడు మనకు ఎవరు చెప్పారు? గుర్తు మారింది, నమ్మకం మారింది, ఓటు పోయి చేరిన చెయ్యి మాత్రం మారలేదు.

1997 జూలైలో కె.ఆర్. నారాయణన్ దాదాపు 95 శాతం ఓట్లతో రాష్ట్రపతి అయ్యాడు. ఎవరూ అంతరాత్మను పిలవాల్సిన పని పడలేదు. తన కుర్చీలో కూచుని ప్రశ్నలు అడిగిన రాష్ట్రపతి ఆయన, అది కాదనలేం. కానీ ఏడాది తిరగ్గానే, 1998లో కర్నూలు జిల్లా వెంపెంటలో దళితుల్ని ఊచకోత కోశారు. పైన దళితుడుంటే కింద దళితుడికి రక్షణ దొరుకుతుందనే లెక్క ఎంత తప్పో సీమ నెత్తుటితో తెలుసుకుంది.

ఇక దగ్గరి కాలానికి వద్దాం. 2011లో వైఎస్సార్ కాంగ్రెస్ పుట్టినప్పుడు ఈ రెండు జిల్లాల్లో కాంగ్రెస్‌కున్న దళిత ఓటు చాలా మటుకు దాని వెంట నడిచింది. 2014లో కోడుమూరు, నందికొట్కూరు, బద్వేలు, రైల్వేకోడూరు, నాలుగు రిజర్వుడు సీట్లూ ఆ పార్టీవే. 2016లో ఇందులో ఇద్దరు ఎమ్మెల్యేలు తెలుగుదేశంలోకి పోయారు. పొయ్యేముందు ఓటేసిన గేరిని అడిగారా? లేదు. 2017 మేలో ప్రతిపక్ష నాయకుడు జగన్‌మోహన్ రెడ్డి ఢిల్లీలో ప్రధానిని కలిసి రాష్ట్రపతి ఎన్నికలో ఎన్డీయేకి మద్దతు ప్రకటించాడు. అప్పటికి అభ్యర్థి ఎవరో దేశానికి తెలీదు. రామ్‌నాథ్ కోవింద్ పేరు బయటికొచ్చింది జూన్ 19న. మరి ‘దళితుడికి మద్దతిచ్చాం’ అని తర్వాత చెప్పుకోవడం ఎట్లా కుదురుతుంది? మద్దతు ముందు, దళితుడు తర్వాత. తెలుగుదేశం కూడా ఎన్డీయేలో ఉండి అదే ఓటేసింది.

ఎదుట నిలబడింది మీరాకుమార్, జగ్జీవన్ రామ్ కూతురు. ఆంధ్రప్రదేశ్ ఎమ్మెల్యేల నుంచి ఆమెకు ఒక్క ఓటూ పడలేదు. ఇద్దరూ దళితులే కాబట్టి ఎవరికేసినా ఒకటేనన్నారు. ఒకటే అయితే సీమలో ఒక్క రిజర్వుడు ఎమ్మెల్యే అయినా ఎందుకు ఇటు వెయ్యలేదు, కనీసం ఎందుకు వెయ్యలేదో గేరికొచ్చి ఎందుకు చెప్పలేదు? అప్పుడే నంద్యాల అసెంబ్లీ సీటు ఖాళీగా ఉండి, ఆగస్టు ఉప ఎన్నికకు రెండు పార్టీలూ కత్తులు నూరుతున్నాయి. రెండు వైపులా అభ్యర్థులు రెడ్లే. నంద్యాల వీధుల్లో బద్ధశత్రువులైన పార్టీలు జూలై 17న ఒకే పేరు మీద ఓట్లేసి వచ్చాయి. గేరివాళ్ల మధ్య మాత్రం పగ అట్లనే ఉంచారు. 2022లోనూ అంతే. ఈసారి ఆదివాసీ మహిళ ద్రౌపది ముర్ము. మళ్లీ రెండు పార్టీలూ ఒకే వైపు.

ఇందులో చట్టం ఆడే ఆట ఒకటుంది. రాష్ట్రపతి ఎన్నికలో పార్టీలు విప్ జారీ చెయ్యడానికి లేదు. ఓటు రహస్యం. అంటే ఎమ్మెల్యేకి నిజంగానే స్వేచ్ఛ ఉంది. ఆ ఎమ్మెల్యే ఓటు విలువ జనాభాను బట్టి కడతారు. 1971 జనాభా లెక్కల ప్రకారం 2017లో ఆంధ్రప్రదేశ్ ఎమ్మెల్యే ఓటు విలువ 159. నలుగురు రిజర్వుడు ఎమ్మెల్యేలకు 636. ఆ విలువలో మాల తల ఉంది, మాదిగ తల ఉంది. తల లెక్కకు పనికొచ్చింది, మాట లెక్కకు రాలేదు. 1932 పూనా ఒప్పందం నుంచి రిజర్వుడు సీటు నిర్మాణమే ఇట్లాంటిది. నిలబడేది దళితుడు, గెలిపించేది ఊరంతా, టికెట్టిచ్చేది రెడ్డి. ఇట్లా గెలిచినోడు ఎవరికి జవాబుదారీ అవుతాడో అంబేద్కర్ అప్పుడే హెచ్చరించాడు. స్వేచ్ఛ ఉన్న ఎమ్మెల్యే నోరు మెదపడు, స్వేచ్ఛ లేని కూలోడు మాత్రం విధేయుడని పేరు తెచ్చుకుంటాడు.

కొందరు మిత్రులు అంటారు: కూలి దొరకనోడికి రాష్ట్రపతి ఎవరైతే ఏం? 1979 ఆగస్టును గుర్తు చేసుకుంటే జవాబు దొరుకుతుంది. ఇంకొందరు అంటారు: దళితుడు రాష్ట్రపతి కావడం కూడా గొప్పే గదా? గొప్పే. కానీ 2018 మార్చిలో సుప్రీంకోర్టు అట్రాసిటీ చట్టానికి కోరలు పీకినప్పుడు రాష్ట్రపతి భవన్‌లో దళితుడే ఉన్నాడు. చట్టాన్ని మళ్లీ నిలబెట్టింది ఏప్రిల్ 2న రోడ్డెక్కిన దళితులు. ఆగస్టులో పార్లమెంటు సవరణ తెచ్చింది వాళ్ల దెబ్బకే.

2024లో ఈ నాలుగు సీట్లలో మూడు వైసీపీ చేతినుంచి జారిపోయాయి. దీన్ని విధేయత తెగడం అని సంబరపడే ముందు ఒక్క మాట. ఒక రెడ్డి గుంపు నుంచి ఇంకో గుంపుకు పోవడం పునరాలోచన కాదు, వలస. సుగ్గికి పోయినట్టే. పునరాలోచన ఎట్లుంటుందో 1994లో మొదలైన దండోరా చూపించింది. వర్గీకరణ మీద మాలలకూ మాదిగలకూ భేదాలుండొచ్చు, కానీ మాదిగలు ప్రతి పార్టీని నిలబెట్టి ‘మా వాటా సంగతి ముందు చెప్పు’ అని అడిగారు. ఓటు తర్వాత, జవాబు ముందు. విధేయతకు షరతు పెట్టడం అంటే అదే.

రాష్ట్రపతి ఎన్నిక 2027లో మళ్లీ వస్తుంది. కోడుమూరు, నందికొట్కూరు, బద్వేలు, రైల్వేకోడూరు ఎమ్మెల్యేలను గేరి నడిబొడ్డుకు పిలిచి అడగాలి: నీ ఓటు ఎవరికి, ఎందుకు, మమ్మల్ని అడిగావా? విద్యార్థులు అడగాలి, టీచర్లు అడగాలి, మాలలూ మాదిగలూ ఒకే అరుగు మీద కూచుని అడగాలి. ఎమ్మెల్యేకి విప్ లేని ఎన్నిక అది. కాబట్టి పార్టీ చెప్పిందనే సాకు కూడా అతనికి మిగలదు. విధేయత ఎట్లాగూ అతని దగ్గర ఉంది గనక, అది ఈ ఒక్కసారి గేరి వైపు తిరగమని అడుగుదాం.