కంటికి ఆనని వలయం

1671లో జొవాన్నీ కాసినీ పారిస్‌లో శనిగ్రహపు ఉపగ్రహం ఇయాపెటస్‌ను కనిపెట్టాడు. అది శనికి పడమట ఉన్నంతసేపే కనిపించేది, తూర్పుకు వెళ్తే మాయమయ్యేది. దాని ఒక ముఖం తెలుపు, రెండోది నలుపు అయి ఉండాలని ఆయన సరిగ్గానే ఊహించాడు. ఆ నలుపు ఎక్కడిదన్న ప్రశ్న మాత్రం మూడు శతాబ్దాలకు పైగా తెగలేదు.

ఇంకా దూరంలో, ఇయాపెటస్‌కు ఎదురు దిశలో తిరిగే మరో ఉపగ్రహం ఫీబీ ఉంది. దాని నుంచి రేగిన ధూళే వచ్చి ఇయాపెటస్ మీద పడుతోందని 1974లో స్టీవెన్ సోటర్ అన్నాడు. మరి ఆ ధూళి ఏదీ? ఘన కిలోమీటరుకు పది, ఇరవై రేణువులు. పైగా నల్లటివి. మామూలు వెలుతురులో వెతికితే దొరికే సరుకు కాదు.

నల్లటి రేణువు ఎండను మింగుతుంది, వెచ్చబడుతుంది, ఆ వేడిని పరారుణ కిరణాలుగా వదులుతుంది. ఏ నలుపు దాన్ని దాచిందో ఆ నలుపే దాన్ని పట్టిస్తుంది. పరారుణంలో వెతకడానికున్న గొప్ప బలం ఇదే.

2009 ఫిబ్రవరిలో యాన్ వెర్బిసర్, మైఖేల్ స్క్రట్‌స్కీ, డగ్లస్ హామిల్టన్‌ల బృందం స్పిట్జర్ అంతరిక్ష టెలిస్కోపుతో శనికి దూరంగా, ఖాళీ అనుకున్న ఆకాశాన్ని చూసింది. అక్కడ మందపాటి మెరుపు పట్టీ బయటపడింది. 24, 70 మైక్రాన్ల తరంగదైర్ఘ్యాల్లో రెండుసార్లు కొలిచారు. ఒక్క కొలతతో ధూళి ఉందని తెలుస్తుంది. రెండింటి ప్రకాశాన్నీ పోలిస్తే ఉష్ణోగ్రత కూడా లెక్కకొస్తుంది. అది దాదాపు 80 కెల్విన్లు, అంటే మైనస్ 193 డిగ్రీల సెల్సియస్! అంత చల్లటి ధూళి వదిలే వేడిని పట్టాలంటే టెలిస్కోపు అంతకన్నా చల్లగా ఉండాలి, లేకుంటే సొంత వేడే ఆ మెరుపును ముంచేస్తుంది. స్పిట్జర్‌ను ద్రవ హీలియం చల్లబరిచేది. ఆ హీలియం అదే ఏడాది మేలో నిండుకుంది. మూడు నెలలు ఆలస్యమైతే ఆ 70 మైక్రాన్ల కొలత చేజారేది.

రేణువు సైజుకూ వేడిలోనే ఆధారం ఉంది. పరారుణ తరంగదైర్ఘ్యం కన్నా బాగా చిన్నదైన రేణువు వేడిని సరిగా వదిలించుకోలేదు, అందుకే పెద్దదాని కన్నా వెచ్చగా ఉంటుంది. తర్వాత వైజ్ అనే అంతరిక్ష టెలిస్కోపు 22 మైక్రాన్లలో తీసిన చిత్రాలతో, ఆ పట్టీ శని చుట్టూ ఉన్న ధూళి వలయంగా మొత్తం కళ్లకు కట్టింది. శని నుంచి సుమారు 60 లక్షల కిలోమీటర్ల దగ్గర మొదలై 1.6 కోట్ల కిలోమీటర్ల దాకా పరుచుకుందని, అందులో సన్న రేణువులదే పైచేయి అని 2015లో ప్రకటించారు.

ఎండను పీల్చి వేడిగా వదిలే క్రమంలో రేణువు కక్ష్యలో తిరిగే శక్తి రవ్వంత తగ్గుతూ పోతుంది, శని వైపు మెల్లగా జారుతుంది. దారిలో ఎదురొచ్చే ఇయాపెటస్ ముందు ముఖానికి తగులుతుంది. నల్లబడిన నేల ఎక్కువ వెచ్చబడి, అక్కడి మంచు ఆవిరై తెల్లటి చల్లని చోట్లకు పోయి గడ్డకడుతుందని 2010లో జాన్ స్పెన్సర్, టిల్మన్ డెంక్ వివరించారు. ధూళి మొదలుపెట్టిన నలుపును ఎండే ముదిరేలా చేసిందన్నమాట.