గ్రంథం మాట్లాడని చోట

మద్రాసు రాజధానిని 1876 నుంచి 1878 దాకా పీల్చి పిప్పి చేసిన ధాత కరువు దెబ్బ గట్టిగా తగిలిన జిల్లాల్లో బళ్ళారి ఒకటి. గుత్తి, ధర్మవరం, పెనుకొండ అప్పట్లో బళ్ళారి జిల్లాలోనివే. అనంతపురం విడి జిల్లా అయింది 1882లో. ఆ కరువు కాలంలోనే అనంతపురానికి తూర్పున ఒంగోలులో ఒక మిషనరీకి బైబిల్లో నేరుగా జవాబు దొరకని చిక్కు ఎదురైంది.

ఆయన అమెరికన్ బాప్టిస్టు మిషన్‌కు చెందిన జాన్ క్లౌ. బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ళ పనిని కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో వచ్చిన జనానికి కూలి దొరికేలా చేశారు. ఆయన బోధకులే అక్కడ మేస్త్రీలు. పని ఆగిన వేళల్లో చెట్ల కింద కూర్చోబెట్టి యేసు సంగతులు చెప్పేవారు. విన్నవాళ్ళు బాప్తిస్మం ఇమ్మని అడిగారు. క్లౌ ఇవ్వలేదు. కరువు సాయం నడిచినంత కాలం, ఏడాదికి పైగా, ఆ పని ఆపేశారు.

గ్రంథం మాటకొస్తే ఆయన చేసింది దానికి ఎదురు నడకలా కనిపిస్తుంది. అపొస్తలుల కార్యాల్లో ఐతియొపీయుడు దారి పక్కన నీళ్ళు కనబడగానే అడిగితే ఫిలిప్పు అక్కడికక్కడే బాప్తిస్మం ఇచ్చాడు. ఫిలిప్పీ చెరసాల నాయకుడికి ఆ రాత్రికి రాత్రే అయిపోయింది. అడిగినవాణ్ణి ఆపమన్న మాట కొత్త నిబంధనలో ఎక్కడా లేదు. అయినా క్లౌ ఆపారు. కూలి డబ్బూ సంఘ ప్రవేశమూ ఒకే చేతి నుంచి వస్తున్నప్పుడు, ఆకలిగొన్నవాడు 'సరే' అంటే అది మనసులోంచి వచ్చిందో కడుపులోంచి వచ్చిందో వాడికే తెలియదు. సాయం ముగిశాక, ఇక ఇచ్చేదేమీ లేదని తేలాక కూడా జనం వచ్చారు. 1878 జూన్‌లో బాప్తిస్మాలు మళ్ళీ మొదలయ్యాయి. జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున, వెల్లంపల్లి దగ్గర, ఒక్కరోజే 2,222 మంది తీసుకున్నారు.

ఆ సంఖ్యను మన సంఘాల్లో గర్వంగా చెప్పుకుంటారు. దానికి ముందున్న ఆ ఏడాది ఎదురుచూపును తలచుకునేవాళ్ళు తక్కువ. గ్రంథం మాట్లాడని చోట క్రైస్తవులు ఎలా ఆలోచించాలో తెలుసుకోవాలంటే నాకు ఆ ఏడాదే పెద్ద పాఠంగా కనిపిస్తుంది. ఎదుటివాడు బలహీనుడైనప్పుడు, నాకున్న స్వేచ్ఛ వాడి స్వేచ్ఛను ఏం చేస్తోంది? అసలు ప్రశ్న ఇదే. అనంతపురం లాంటి నేల మీద అది అడుగడుగునా ఎదురవుతుంది.

ఇక్కడ ఏడాదికి సగటున పడేది 550 మిల్లీమీటర్ల వాన. అదీ బుడ్డలకు, అంటే వేరుశనగకు, అవసరమైన వారంలో పడుతుందన్న నమ్మకం లేదు. ఈ నేల మీద విశ్వాసి అడిగే సందేహాలు బైబిలు రాసినవాళ్ళ ఊహకు అందనివి. పంటల బీమా చేస్తే దేవుడి మీద నమ్మకం తగ్గినట్టా? రుణమాఫీ వస్తుందని తెలిసి, కట్టగలిగిన అప్పు కట్టకుండా ఆపొచ్చా? కరువు పనికి వెళ్ళకుండా మస్టర్‌లో పేరు వేయించుకుంటే దొంగతనమేనా? ముసలి తల్లిని ఊళ్ళో వదిలి బెంగళూరు వలస పోతే తల్లిదండ్రులను సన్మానించమన్న ఆజ్ఞ మీరినట్టా? ఏ వచనమూ వీటి పేరెత్తదు.

అలాంటప్పుడు మనవాళ్ళలో చాలామంది దగ్గరదారి పడతారు. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో చేతికొచ్చిన వాగ్దాన కార్డు మీది వచనాన్ని ఆ ఏడు బోరుకు అనుమతిగా చదువుకుంటారు. కళ్ళు మూసుకుని బైబిలు తెరిచి వేలు పెడతారు. చీట్లు వేస్తారు. యూదా స్థానంలో మత్తీయను చీట్లు వేసే ఎన్నుకున్నారు కదా అని అడుగుతారు. నిజమే. కానీ ఆ శిష్యులు ముందు అర్హతలు మాట్లాడుకుని ఇద్దరిని నిలబెట్టారు, ఆ తర్వాతే చీట్లు వేశారు. ఆలోచన చేయాల్సిన చోట దాన్ని మానేసి, వేలు ఆగిన చోటును దేవుడి మాట అనడాన్ని నేను ఒప్పుకోలేను. అలా చేస్తే ఆ నిర్ణయం ఎవరి మీద పడుతుందో ఆ పొరుగువాడి ఊసే రాదు.

పౌలు దారి వేరు. కొరింథువారికి రాసిన మొదటి పత్రిక 7వ అధ్యాయంలో పెళ్ళి సంగతులు చెబుతూ, ఒకచోట ఇది ప్రభువు ఆజ్ఞ అంటాడు, ఇంకోచోట ఇది నా మాట అంటాడు, మరోచోట దీని గురించి నాకు ప్రభువు ఆజ్ఞ లేదు, నా అభిప్రాయం చెబుతున్నాను అని ఒప్పుకుంటాడు. అంతటి అపొస్తలుడు తన సలహాకు ప్రభువు ముద్ర వేయడానికి వెనుకాడాడు. ఇవాళ వేదిక మీద నుంచి పెళ్ళి సంబంధాల దగ్గర్నుంచి పిల్లల చదువుల దాకా 'దేవుడు నాతో మాట్లాడాడు' అని తేల్చేసేవాళ్ళు ఆ అధ్యాయాన్ని ఒకసారి నింపాదిగా చదవాలి.

అదే పత్రిక 9వ అధ్యాయంలో ఆయన ఆలోచన సాగే తీరు ఇంకా స్పష్టంగా కనబడుతుంది. కళ్ళంలో నూర్చే ఎద్దు మూతికి చిక్కం కట్టవద్దని ద్వితీయోపదేశకాండంలో ఒక చిన్న నియమం ఉంది. పౌలు దాన్ని తీసుకుని, సువార్త పనివాడికి ఆ పని మీదే బతుకు గడవాలి అన్నాడు. ఎద్దు నుంచి మనిషికి ఎలా వచ్చాడు? ఆ నియమం ఎందుకు పుట్టిందో వెతికాడు. కష్టపడే ప్రాణి కళ్ళెదుట తిండి ఉండి కూడా పస్తుండకూడదు. ఆ కారణం పట్టుకున్నాక దాన్ని ఇంకో చోటికి తీసుకుపోవడం న్యాయమే. గ్రంథం చెప్పని విషయాల్లో క్రైస్తవ పెద్దలు తరతరాలుగా నడిచిన ముఖ్యమైన దారి ఇది.

ఈ దారిలో మన నేలకు అచ్చంగా సరిపోయే నియమం నిర్గమకాండం 21లో ఉంది. ఎవడైనా గొయ్యి తవ్వి, మూయకుండా వదిలేస్తే, అందులో ఎద్దో గాడిదో పడి చస్తే, గొయ్యి యజమాని నష్టం కట్టివ్వాలి. ఇప్పుడు ఎండిపోయిన చేను గట్టు మీద నిలబడి చూడండి. బోరు ఫెయిలైంది. కేసింగ్ పైపుకు ధర ఉంది కాబట్టి దాన్ని పీకేసుకున్నారు. మిగిలింది జానెడు వెడల్పు బొక్క, వందల అడుగుల లోతు. దాని మీద ఒక యూరియా సంచి, సంచి ఎగరకుండా రెండు రాళ్ళు. పక్కనే కంపచెట్టు కింద కూలికొచ్చిన తల్లి బిడ్డను ఆడుకోమని వదిలింది. ఇలాంటి బోరు గుంతల్లో పసిపిల్లలు పడిన వార్తలు తెలుగు నేల మీద ఎన్నిసార్లు చదవలేదు! బోరుబావి అన్న మాట మోషే ధర్మశాస్త్రంలో లేకపోవచ్చు. గుంత మూయని రైతుకు మాత్రం 'నాకు ఆజ్ఞ లేదు' అనే దారి లేదు. కొత్త ఇల్లు కడితే మిద్దె మీద పిట్టగోడ కట్టమన్న ద్వితీయోపదేశకాండపు నియమమూ ఈ కోవలోదే. అక్కడ ఎవరూ పడలేదు, ఎవరికీ నష్టం జరగలేదు. జరగకముందే చూసుకోమంటోంది.

గుంత మూయడం తేలిక. బోరు వేయడం దగ్గరే చిక్కంతా. ఆదివారం ఆరాధన అయ్యాక ఒక రైతు ఇలా అడుగుతాడనుకోండి: "వందనాలయ్యగారూ. పక్క చేనాయనకు మూడొందల అడుగుల్లో నీళ్ళున్నాయి. నేను ఆరొందలు వేసి పెద్ద మోటారు పెడితే ఆయన బోరు ఎండిపోతుందంటున్నారు. నా బుడ్డలేమో వాడిపోతున్నాయి. ఏం చేయమంటారు?" 'ప్రార్థన చేద్దాం నాయనా' అనడంతో పని అయిపోయిందనుకునే అయ్యగార్లు ఉన్నారు. ప్రార్థన చేయాల్సిందే. ఆ తర్వాత అడగాల్సినవి చాలా ఉన్నాయి. ఇక్కడి భూగర్భం గట్టి రాయి. నీరుండేది ఆ రాతి పగుళ్ళలోనే. ఒకే పగులు మీద రెండు బోర్లు పడితే లోతున్నవాడికే నీళ్ళు. 2002 నాటి వాల్టా చట్టం తాగునీటి బావుల దగ్గర బోర్లు వేయడానికి హద్దులు పెట్టింది, వాటిని పాటిస్తున్నామా? అప్పు ఎంత, ఎవరి దగ్గర? అన్నిటికంటే ముందు, పక్క చేనాయనతో మాట్లాడావా?

గ్రంథంలో నీళ్ళ తగాదా లేకపోలేదు. ఆదికాండం 26లో ఇస్సాకు పనివాళ్ళు గెరారు లోయలో బావి తవ్వితే అక్కడి కాపరులు మాదేనని కొట్లాటకొచ్చారు. రెండోది తవ్వినా అంతే. ఇస్సాకు రెండూ వదిలి ముందుకు సాగి, తగాదా లేని మూడో బావి తవ్వి దానికి రహెబోతు అని పేరు పెట్టాడు. ఈ కథ చెప్పి 'నువ్వూ వదిలేయి' అనడం తొందరపాటు. ఇస్సాకుకు ముందుకు సాగడానికి ఖాళీ నేల ఉంది. మూడెకరాల మెట్ట రైతు ఎక్కడికి సాగుతాడు? కథలో నుంచి తీసుకోవాల్సింది ఇంకొకటి ఉంది: నీళ్ళకూ శాంతికీ కలిపి చోటు దొరికేదాకా ఇస్సాకు వెతకడం మానలేదు. ఈ పీఠభూమి మీదే కొన్ని ఊళ్ళలో రైతులు ఉన్న బోర్లన్నిటినీ పైపులతో కలిపి, కొత్త బోరు వేయకూడదని ఒప్పుకుని, బోరు లేనివాడి చేనుకూ ఒక తడి అందేలా చూసుకున్నారు. కులమూ మతమూ చూసి చేసుకున్న ఏర్పాటు కాదది. క్రైస్తవ రైతు దాంట్లో కలిస్తే, నాకు తెలిసినంతలో, ఇస్సాకు దారిలో నడిచినట్టే.

బలహీనుణ్ణి తలచుకోమన్న ఈ నియమం గురించి పౌలు మొదట మాట్లాడింది మాంసం దగ్గర. విగ్రహానికి పెట్టిన మాంసం తినడంలో తప్పేమీ లేదని తెలిసినవాడు కూడా, తాను తినడం చూసి తోటివాడి మనస్సాక్షి దెబ్బతింటుందనుకుంటే మానుకోవాలన్నాడు. జాతర మాంసం, పక్కింటివాళ్ళు ప్రేమగా పంపిన ప్రసాదం మన ఊళ్ళలో ఇవాళ్టికీ ఇదే ప్రశ్నను ఇంట్లోకి తెస్తున్నాయి. ఇందులో ఒకరి నిర్ణయాన్ని ఇంకొకరి మీద రుద్దవద్దని రోమా పత్రిక 14వ అధ్యాయం గట్టిగా చెబుతుంది. చరిత్రలో మాత్రం రుద్దడమే ఎక్కువ జరిగింది. 18వ శతాబ్దంలో ఫ్రెంచి జెస్విట్లు కర్ణాటక మిషన్ పేరుతో పుంగనూరు మీదుగా ఈ ప్రాంతంలోకి వచ్చి, ఇక్కడి ఆచారాల్లో వేటిని ఉంచుకోవచ్చో వేటిని వదలాలో ఒక్కొక్కటే తూచుకుంటున్నారు. 1703 నవంబరులో పోపు రాయబారి టూర్నాన్ పాండిచ్చేరిలో దిగారు. ఎనిమిది నెలలు తిరక్కుండానే, 1704 జూన్‌లో, 16 అంశాల మీద ఆజ్ఞ రాసేశారు. తాళిబొట్టు మీద వినాయకుడి బొమ్మ, పెళ్ళిలో కొబ్బరికాయ కొట్టడం, నుదుటి విభూది, గుళ్ళలో క్రైస్తవులు వాయిద్యాలు వాయించడం అన్నీ అందులో ఉన్నాయి. వాదాలు సాగి సాగి 1744లో పోపు పదనాలుగో బెనెడిక్టు తీర్పుతో ముగిశాయి. ఆ పదహారింటిలో ఒకటి నాకు ఇప్పటికీ న్యాయంగా తోస్తుంది: జబ్బుపడిన పరయ విశ్వాసుల ఇళ్ళకు వెళ్ళడానికి గురువులు వెనకాడకూడదన్నది. మిగతావి చాలావరకు ఆ ఊళ్ళలో బతికేవాళ్ళు కూర్చుని తేల్చుకోవాల్సినవి.

అలా కూర్చుని తేల్చుకోవడానికి నమూనా అపొస్తలుల కార్యాలు 15లోనే ఉంది. అన్యుల నుంచి వచ్చినవాళ్ళ మీద ఏ భారం పెట్టాలన్న తగాదాలో యెరూషలేము పెద్దలు వాదించుకున్నారు, జరిగిన సంగతులు విన్నారు, లేఖనం చదివారు. చివరికి పరిశుద్ధాత్మకూ మాకూ ఇలా తోచింది అని రాశారు. 'మాకూ' అని కలపడానికి వాళ్ళు సంకోచించలేదు. గుత్తి, అనంతపురం సీమల్లో పనిచేసిన లండన్ మిషనరీ సొసైటీ 1796లోనే ఒక మూలసూత్రం పెట్టుకుంది: ఏ తెగ సంఘ పద్ధతినీ పంపకూడదు, సువార్తనే పంపాలి, సంఘాన్ని ఎలా నడుపుకోవాలో నమ్మినవాళ్ళే తేల్చుకోవాలి. ఆ సంఘాలు 1947లో దక్షిణ ఇండియా సంఘంలో కలిశాయి. తమను నమ్మి వదిలిన ఆ నిర్ణయాధికారాన్ని మన సంఘ కమిటీలు ఎన్నికల తగాదాలకూ ఆస్తి లెక్కలకూ ఖర్చు చేయడం చూస్తే బాధేస్తుంది.

జెస్విట్ల దగ్గర నేర్చుకోదగ్గది ఇంకొకటుంది. వాళ్ళ సంస్థాపకుడు ఇగ్నేషియస్ లొయోలా ఆత్మసాధనల పుస్తకం 1548లో అచ్చయింది. ఎటూ తేలని నిర్ణయం ఎదురైతే ఆయన మూడు ఊహలు చేయమంటాడు. నువ్వెప్పుడూ చూడని మనిషి ఇదే చిక్కుతో వస్తే వాడికేం చెబుతావు? చనిపోయే ఘడియలో ఏ నిర్ణయం తీసుకుని ఉంటే బాగుండేదనుకుంటావు? తీర్పు దినాన? బోరు అడిగిన రైతును మొదటి ఊహలో నిలబెడితే చాలు, తన చేనును తనది కానట్టుగా చూడగలుగుతాడు. ఈ శిక్షణలోంచి వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురం చేరారు. ఆ మరుసటి ఏడు జెస్విట్ సంఘం విడిచి, తాను స్థాపించిన ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) ద్వారా 2009లో కన్నుమూసే దాకా ఇక్కడే పనిచేశారు. ఇల్లు కట్టించేటప్పుడూ ఆసుపత్రిలో చేర్చుకునేటప్పుడూ ఎవరి మతమూ అడగలేదు. క్లౌ కరువులో బాప్తిస్మం ఆపడానికీ దీనికీ నాకు దగ్గరి చుట్టరికం కనిపిస్తుంది.

లొయోలా చెప్పిన మరో నియమం అప్పుల ఊళ్ళకు ఇంకా అవసరం. మనసు చీకట్లో మునిగి ఉన్నప్పుడు కొత్త నిర్ణయం తీసుకోవద్దు, వెలుగున్నప్పుడు తీసుకున్నదాని మీదే నిలబడు అన్నాడు. 1990ల చివరి నుంచి ఈ జిల్లాలో ఎందరు రైతులు అప్పుల బరువు కింద ప్రాణాలు తీసుకున్నారో మనకు తెలుసు. నాలుగో బోరూ ఫెయిలైన రాత్రి ఒంటరిగా కూర్చున్న మనిషి దగ్గర ఏ నియమమూ పనిచేయదు. అతని పక్కన ఇంకో మనిషి ఉండాలి, అంతకుముందు నుంచే ఉండాలి.

అందుకే సంఘాలు ఒక ఆనవాయితీ పెట్టుకుంటే బాగుంటుందని నా కోరిక. జూన్‌లో విత్తనం వేయకముందు ఒక ఆదివారం ఆరాధన తర్వాత చాప పరుచుకుని కూర్చోవాలి. ఈ ఏడు ఎవరు బోరు వేయబోతున్నారు, ఎవరి బావికి ఎంత దూరంలో, ఎంత అప్పు మీద, ఏ వడ్డీకి, పాత బోరు గుంత మూశారా లేదా అన్నీ ఒక్కొక్కటే మాట్లాడుకోవాలి. ఆడవాళ్ళు మాట్లాడాలి, ఎందుకంటే బంగారం తాకట్టుకు పోయేది వాళ్ళ మెడలోంచే. గుడికి రాని పక్క చేనాయన్ను కూడా ఆ రోజుకు పిలవాలి.